బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బం: ఆ బరువు ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం. బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ ధ్వని చాలా బరువుగా ఉంటుంది. ఆ పేరు అనగానే చాలామంది చెప్పే మాట ఒకటుంది: "తీగల శ్రుతి బాగా దించి వాయిస్తారు, అందుకే అంత బరువు." మూడో ఆల్బం దగ్గర్నుంచి అది నిజమే. 1970 ఫిబ్రవరి 13న బ్రిటన్‌లో విడుదలైన మొదటి ఆల్బంలో మాత్రం గిటార్ మామూలు శ్రుతిలోనే ఉంది.

మొదటి పాట వినండి. వాన, ఉరుము, గంట అయ్యాక గిటార్ పలికేది ముఖ్యంగా మూడు స్వరాలు: జి, పైస్థాయి జి, తర్వాత సి షార్ప్. మన లెక్కలో షడ్జం, తారషడ్జం, ప్రతిమధ్యమం. కల్యాణిలో ఇదే ప్రతిమధ్యమం ఎంత హాయిగా ఉంటుందో తెలుసు కదా! అక్కడ అది పంచమానికి మెట్టు. ఇక్కడ ఆ మెట్టు మీదే నిలబెట్టి, వణికించి వదిలేస్తారు. గిటార్ ఉన్నవాళ్లు ఆరో తీగ 3వ ఫ్రెట్, నాలుగో తీగ 5వ ఫ్రెట్, ఐదో తీగ 4వ ఫ్రెట్ వరసగా మీటి చూడండి. తొందరపడితే మాత్రం ఆ భయం పోతుంది.

గిటారిస్ట్ టోనీ అయోమీకి బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి నడిమివేలు, ఉంగరంవేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించుకున్నారు. తొడుగులతో గట్టి తీగను వంచడం కష్టం, అందుకని సన్నటి బాంజో తీగలు బిగించుకున్నారు.

సన్నతీగలతో అంత లావు ధ్వనా? 'లేనీ' కంపెనీ వాల్వ్ ఆంప్లిఫయర్‌కు ముందు రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్ ఉండేది. అది బాస్‌ను తగ్గించి, పై స్వరాలను పెంచి ఆంప్‌లోకి తోస్తుంది. ఈ ధ్వని కోసం కుర్రాళ్లు బాస్ నాబ్ చివరిదాకా తిప్పేస్తుంటారు. అప్పుడు డిస్టార్షన్‌లో, అంటే ఆంప్ ధ్వనిని గరుకుగా చీల్చే చోట, స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గొర్రుమంటుంది, అంతే. కింది బరువంతా మోసేది గీజర్ బట్లర్ బాస్ గిటార్. రిఫ్‌నే, అంటే గిటార్ మళ్లీమళ్లీ వాయించే ఆ చిన్న పలుకునే, కింది స్థాయిలో వెంటాడుతుంది.

ఈ ఆల్బంను 1969 అక్టోబరులో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో, చాలామటుకు ఒక్కరోజులోనే, నలుగురూ కలిసి వాయిస్తూ రికార్డు చేశారు. వాన, గంట తర్వాత చేర్చినవి. ఫోన్ స్పీకర్‌లో బట్లర్ సగం వినపడరు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.