నోటి, గొంతు క్యాన్సర్లలో జన్యువుల పాత్ర

[దృశ్యం: వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు. మిర్చి బస్తాలు దించిన హమాలీ అరచేతిలో తంబాకును సున్నంతో నలిపి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకుంటాడు.]

వ్యాఖ్యానం: "మా ఇంట్ల ఎవ్వరికీ క్యాన్సర్ లేదు, నాకెందుకొస్తది?" అనే మాట తంబాకు నమిలేవారి నోట తరచుగా వినిపిస్తుంది. ఆ ధీమాకు ఆధారం లేదు. తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లలో అత్యధికం తల్లిదండ్రుల నుంచి సంక్రమించినవి కావు. పుట్టుకతో సవ్యంగానే ఉన్న జన్యువులు తర్వాతి కాలంలో నోటి, గొంతు కణాల్లో చెడిపోవడం వల్ల వచ్చినవి.

[యానిమేషన్: బుగ్గ లోపలి పొర, అందులో ఒక కణం, దాని డీఎన్‌ఏ.]

తంబాకును రోజూ ఒకే చోట అదిమి పెట్టుకుంటే, అందులోని నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఆ చోటి కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. కణం విభజన చెందేలోగా ఆ దెబ్బ సరికాకపోతే తప్పు శాశ్వతమవుతుంది. 17వ క్రోమోజోమ్‌పై ఉన్న టీపీ53 జన్యువు నుంచి తయారయ్యే పీ53 ప్రోటీన్ సరిగ్గా ఇక్కడే కాపలా కాస్తుంది: దెబ్బతిన్న కణాన్ని విభజన చెందకుండా ఆపుతుంది, బాగుపడే వీలు లేకపోతే చనిపోయేలా చేస్తుంది. పొగాకు వల్ల వచ్చే ఈ క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా చెడిపోయి కనిపించేది ఆ కాపలా జన్యువే కావడం ఎంతో బాధ కలిగించే విషయం. 9వ క్రోమోజోమ్‌పై ఉన్న సీడీకేఎన్2ఏ అనే జన్యువు కూడా పోతే, విభజనకు ఉన్న మరో అడ్డు తొలగిపోతుంది.

టాన్సిల్స్ దగ్గర హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్ దారి వేరు. అక్కడ టీపీ53 జన్యువు చాలావరకు బాగానే ఉంటుంది, కానీ వైరస్‌కు చెందిన ఈ6 ప్రోటీన్ పీ53ను నాశనం చేయిస్తుంది.

[దృశ్యం: బుగ్గ లోపల తెల్లమచ్చ, దాని చుట్టూ మామూలుగా కనిపించే పొర.]

మచ్చ ఒక్కచోటే ఉన్నా, చుట్టుపక్కల మామూలుగా కనిపించే పొరలోనూ జన్యువులు మారిన కణాలు ఉండవచ్చు. అమెరికా వైద్యుడు స్లాటర్, ఆయన సహచరులు 1953లోనే ఈ సంగతిని వివరించారు. గడ్డను పూర్తిగా తీసివేసిన తర్వాత కూడా పక్కనే మరో క్యాన్సర్ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

వంశపారంపర్యం అసలే లేదని కాదు. ఫాంకోని అనీమియా అనే అరుదైన జన్యువ్యాధి ఉన్నవారిలో డీఎన్‌ఏ మరమ్మతు లోపిస్తుంది కాబట్టి, తంబాకు ముట్టకపోయినా చిన్న వయసులోనే నోటి క్యాన్సర్ రావచ్చు. వారికి క్రమం తప్పకుండా నోటి పరీక్ష అవసరం. మిగిలినవారిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే, ఇంట్లో ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని చూడకుండా వరంగల్ ఎంజీఎం దవాఖానలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలోనో దగ్గరలోని దంతవైద్యుని దగ్గరో చూపించుకోవాలి. అనుమానం ఉంటే వైద్యులు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.