హఠాత్తుగా చచ్చిన పశువు మీద కత్తి పెట్టకండి

నమస్తే అండీ. నిన్న సాయంత్రం దాకా బాగానే మేసిన ఆవు తెల్లారేసరికి చచ్చి పడుంది, పొట్ట ఉబ్బిపోయింది, ముక్కులోంచి నల్లటి రక్తం కారుతోంది, ఆ రక్తం గడ్డ కూడా కట్టట్లేదు. ఇలా కనిపిస్తే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. దయచేసి కోయకండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, కోయకుండా వదిలేసిన కళేబరంలో ఈ బ్యాక్టీరియా కుళ్ళుతోపాటే చాలావరకు చచ్చిపోతుంది. కోశామంటే మాత్రం గాలి తగిలి, చుట్టూ గట్టి పెంకు కట్టుకుని స్పోర్‌గా మారి మట్టిలో దశాబ్దాల పాటు కాచుకుని కూర్చుంటుంది. స్కాట్లండ్ తీరంలోని గ్రునార్డ్ దీవిలో 1942లో బ్రిటన్ వాళ్ళు ఈ స్పోర్లతో ప్రయోగాలు చేశారు, ఆ నేలంతా శుద్ధి చేసి ఇక భయం లేదని ప్రకటించేసరికి 1990 వచ్చింది!

"బాగా ఉడికిస్తే ఏం కాదులే" అంటారు చాలామంది. మామూలు వంటతో స్పోర్లన్నీ చస్తాయన్న భరోసా లేదు, అదలా ఉంచండి, మనుషులకు సోకే కేసుల్లో 95 శాతం దాకా చర్మం ద్వారానే వస్తాయి. తోలు ఒలిచేటప్పుడు, మాంసం కొట్టేటప్పుడు చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, కూర పొయ్యెక్కకముందే రోగం ఒంట్లోకి వచ్చేస్తుంది.

మొదట పురుగు కుట్టినట్టు దురద, తర్వాత పొక్కు, ఆపైన చుట్టూ వాపుతో నల్లటి పుండు. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే. వైద్యం లేకపోతే నూటికి 20 మంది వరకు చనిపోవచ్చు, వెంటనే యాంటీబయాటిక్స్ పడితే దాదాపు అందరూ బతుకుతారు. చచ్చిన పశువును ముట్టుకున్నామని డాక్టరుకి మీరే చెప్పండి. తిన్నాక కడుపునొప్పి, రక్తపు వాంతులు మొదలైతే ఒక్క గంట కూడా ఆగొద్దు, అది ఇంకా ప్రమాదం.

మాంసం పంచుకునేవాళ్ళను తెలివితక్కువవాళ్ళు అనడం నాకు నచ్చదు. ఆ ఇంటికి ఆ పశువే ఆస్తి, పోయినదాంట్లో కొంతైనా రాబట్టుకోవాలని చూస్తారు. నష్టపరిహారం ఇవ్వకుండా కోయొద్దంటే ఎవరు వింటారు? పరిహారం ఇవ్వాలి, రోగం వచ్చే ప్రాంతాల్లో పశువులకు ఏటా టీకా వేయాలి. టీకా ఉంది, పనిచేస్తుంది.

పశువుల డాక్టరును పిలవండి, పరీక్షకి చెవి దగ్గర తీసిన రక్తపు చుక్క చాలు. ఆయన వచ్చేదాకా కుక్కలు పీక్కుతినకుండా కాపలా పెట్టండి, తర్వాత ఆయన చెప్పినట్టు కాల్చడమో లోతుగా పూడ్చడమో చేసి, ఆ చోట మళ్ళీ మందను మేపకండి.