ట్రాన్స్‌ఫర్ సీటు రాలేదా? అప్పీల్ పెట్టేముందు నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో ఏప్రిల్ నెలాఖరంటే ట్రాన్స్‌ఫర్ పిల్లలున్న ఇళ్లల్లో, అంటే కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారాలనుకునే పిల్లలున్న ఇళ్లల్లో, ఒకటే టెన్షన్. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు కష్టపడి చదివాక యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, క్యాంపస్‌లైన బర్క్‌లీ నుంచో యూసీఎల్ఏ నుంచో సీటు లేదని వస్తే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. ఆ బాధలోనే, అదే రాత్రి, చాలామంది ఆ నిర్ణయం మళ్లీ చూడమని అప్పీల్ రాయడానికి కూర్చుంటారు. దయచేసి ఆ రాత్రి రాయకండి.

అప్పీల్‌లో అడ్మిషన్ల వాళ్లు చూసేది ఒక్కటే: మీ అప్లికేషన్ చదివినప్పుడు వాళ్ల ముందు లేని ముఖ్యమైన విషయం ఏదైనా ఇప్పుడు మీ దగ్గర ఉందా? చిన్నప్పటి నుంచి ఆ క్యాంపస్ అంటే ఇష్టం, నాకన్నా తక్కువ జీపీఏ ఉన్న ఫ్రెండ్‌కి వచ్చింది, ఇంట్లో అందరూ దిగులు పడుతున్నారు... ఇవన్నీ నిజాలే. కానీ వీటితో నిర్ణయం మారదు.

ఏది మారుస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. నవంబర్‌లో అప్లికేషన్ పంపేనాటికి ఫాల్ క్లాసులు ఇంకా నడుస్తుంటాయి. జనవరిలో అకడమిక్ అప్‌డేట్ అనే ఆన్‌లైన్ ఫారం తెరిచి ఆ గ్రేడ్లు నింపాలి, క్లాసుల్లో మార్పులుంటే చెప్పాలి. కంప్యూటర్ సైన్స్ అడిగిన కుర్రాడికి సొంత కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా దొరక్క, ఫాల్‌లోనే పక్క కాలేజీలో పూర్తి చేశాడనుకోండి. అప్‌డేట్‌లో అది చేర్చలేదు. అప్పుడు చదివేవాళ్లకి కనిపించేది మేజర్‌కి కావాల్సిన కోర్సే లేని అప్లికేషన్. ఈ కుర్రాడి అప్పీల్ మొదటి వాక్యమే ఇలా ఉండాలి: “లీనియర్ ఆల్జీబ్రా డిసెంబర్‌లో మరో కాలేజీలో పూర్తి చేశాను, ట్రాన్‌స్క్రిప్ట్ జతచేశాను.” ఆ తర్వాత గ్రేడ్ ఎంతో, ఆ కోర్సు యూనివర్సిటీ కోర్సుకి సమానమని అసిస్ట్ వెబ్‌సైట్‌లో (ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకి సమానమో చూపేది) ఎక్కడుందో, అప్‌డేట్‌లో ఎందుకు చేర్చలేకపోయాడో రాయాలి. ఐదారు వాక్యాలు చాలు.

కాలేజీ తప్పుగా వేసిన గ్రేడ్‌ను తర్వాత దిద్దినా అంతే, దిద్దిన ట్రాన్‌స్క్రిప్ట్ పంపండి. ఒక టర్మ్‌లో జబ్బు చేసి క్లాసులు వదిలేసి, ఆ సంగతి అప్లికేషన్‌లో ఎక్కడా రాయకపోతే ఇప్పుడు రాయండి, డాక్టరు కాగితం పెట్టండి.

గడువూ, ఏ కాగితాలు పెట్టవచ్చో అన్నదీ ఒక్కో క్యాంపస్‌కి ఒక్కో రకం. మీ పోర్టల్‌లో ఉన్నదే ప్రమాణం, వాట్సాప్ గ్రూపులో వచ్చింది కాదు. వెయిట్‌లిస్ట్ దారి వేరు, దాన్నీ దీన్నీ కలపొద్దు. ఇర్వైన్, డేవిస్ లాంటి ఆరు క్యాంపస్‌లలో ట్యాగ్ అనే సీటు హామీ ఉంది. ఆ హామీ ఆమోదం పొందాక కూడా సీటు లేదని వస్తే మాత్రం ఆలస్యం చేయకండి, వెంటనే మీ కాలేజీలోని ట్రాన్స్‌ఫర్ కౌన్సిలర్‌ని కలవండి.

అమ్మానాన్నలకి ఒక మాట. ఉత్తరం పిల్లలనే రాయనివ్వండి. మీరు రాస్తే అది మీ బాధ అవుతుంది, వాళ్ల రికార్డు కాదు. ఇంకోటి, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నారని బంధువులకి చెప్పుకోడానికి మనలో కొందరు మొహమాటపడతారు. ఇదేం దొడ్డిదారి కాదు. 1960లో ఉన్నత విద్య కోసం చేసిన మాస్టర్ ప్లాన్‌లో ఈ రాష్ట్రమే కావాలని వేసిన దారి ఇది. మీ మొహమాటం పిల్లలకి తెలుస్తుంది. సీటు రాని రోజున వాళ్లని అదే ఎక్కువ కుంగదీస్తుంది.

ఉన్నమాట చెప్పాలి కదా: ఎక్కువ అప్పీళ్లు తిరస్కరణకే గురవుతాయి. అందుకని వేరే యూసీలో సీటు వచ్చి ఉంటే జూన్ 1 లోపు ఒప్పుకోండి. అప్పీల్ జవాబు కోసం ఆ గడువు దాటనివ్వకండి. అప్పీల్ గెలిస్తే ఆ ఒప్పుకున్న సీటు మానుకోవచ్చు, పోయేది కట్టిన డిపాజిట్టే. ఎక్కడా రానివాళ్లు, ఇంకో ఏడు ఆగి మళ్లీ అప్లై చేయాలనుకునేవాళ్లు ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబర్‌లోనే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. పంపిన అప్లికేషన్ కాపీ, ట్రాన్‌స్క్రిప్ట్ తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కో వరుసా కలిసి చూద్దాం.