రాగి నీళ్ల ఊరు: ష్పాన్యా దోలినా

శ్రోతలకు నమస్కారం.

బళ్లో సైన్సు మాస్టారు చేసి చూపించిన ప్రయోగం ఒకటి చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాజు గ్లాసులో మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లు, అందులో ఒక ఇనుప మేకు. కాసేపాగి బయటికి తీస్తే మేకుకు ఎర్రటి పూత పట్టి ఉంటుంది. అది రాగి. మనకది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇదే ప్రయోగాన్ని గనుల అడుగున, చెక్క దోనెల్లో, తరాల తరబడి వృత్తిగా సాగించిన ఊరొకటి స్లొవాకియాలో ఉంది. దాని పేరు ష్పాన్యా దోలినా.

స్లొవాకియా నడిబొడ్డున బన్‌స్కా బిస్త్రిత్సా అనే పట్టణం ఉంది. అక్కణ్ణించి ఉత్తరంగా పది, పన్నెండు కిలోమీటర్లు కొండదారి పడితే ఈ ఊరొస్తుంది. సముద్రమట్టానికి 700 మీటర్ల పైన, మూడు పక్కలా అడవి, మధ్యలో ఇరుకు లోయ. జనం 200 దరిదాపు. పేరు వింటే స్పెయిన్ గుర్తొస్తుంది గాని, ఆ దేశానికీ దీనికీ చుట్టరికమేమీ లేదు. దోలినా అంటే లోయ. జర్మన్లు దీన్ని హెర్రెన్‌గ్రుండ్ అన్నారు, హంగేరీ వాళ్లు ఉర్వోల్జ్ అన్నారు. రెండింటికీ అర్థం దొరల లోయ అనే. దొరలెవరో, వాళ్లకు ఈ లోయతో పనేమిటో తెలియాలంటే ఊళ్లోకి అడుగుపెట్టగానే తల పైకెత్తితే చాలు. ఇళ్ల నెత్తిన, చర్చి పక్కన, చెట్టూ చేమా పెద్దగా లేని రాళ్ల గుట్ట ఒకటి కనిపిస్తుంది. అది దేవుడు పెట్టిన కొండ కాదు. గనుల్లోంచి తోడిపోసిన వ్యర్థపు రాయి. మాక్సిమిలియాన్ గుట్ట అంటారు. రాతిలో మిగిలిపోయిన రాగి చాలా మొక్కల వేళ్లకు విషం, అందుకే గని మూతపడి ఇన్నేళ్లయినా గుట్ట బోడిగానే ఉంది. ఊరంతా ఒక్క చూపులో కనబడేది కూడా దాని మీద నుంచే.

ఇళ్లు చూస్తే ఇది రైతుల ఊరు కాదని ఇట్టే తెలిసిపోతుంది. పశువుల కొట్టాలకు, కళ్లాలకు చోటే లేదు. ఏటవాలు నేలలో కింద రాతి గోడ, పైన దుంగల అంతస్తులు, ఒక్కో కప్పు కింద రెండు మూడు కుటుంబాలు. చర్చికి చేరాలంటే పైకప్పు వేసిన పొడవాటి చెక్క మెట్లదారి ఎక్కాలి. కింద క్లొపాచ్కా అనే చిన్న కట్టడం ఉంది. అందులో వేలాడే చెక్క పలకను సుత్తితో కొడితే గని కార్మికులు లేచి పనికి బయల్దేరేవాళ్లు. మన ఫ్యాక్టరీ సైరన్‌కు పూర్వరూపం అనుకోండి.

ఇక్కడ రాగి తవ్వకం ఎంత పాతదంటే, దగ్గర్లోని ప్యెస్కి అనే చోట లోహయుగం తొలినాళ్ల రాతి సుత్తులు కుప్పలుగా దొరికాయి. అసలు జోరు మాత్రం 1490ల్లో మొదలైంది. పోలండ్‌లోని క్రాకోవ్ వ్యాపారి యాన్ తుర్జో, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ధనవంతుడు యాకోబ్ ఫుగ్గర్ చేతులు కలిపి ఈ చుట్టుపక్కల రాగి గనుల్ని గుత్తకు తీసుకున్నారు. వాళ్ల కన్ను రాగి మీద ఎంతో, దాంట్లో దాగిన వెండి మీదా అంతే. ఇక్కడి ఖనిజంలో వెండి కలిసి ఉంటుంది. ఆ వెండిని విడదీసే కిటుకు సీసం. రాగికి రెండు మూడింతల సీసం కలిపి కరిగించి, మందపాటి బిళ్లలుగా పోస్తారు. ఆ బిళ్లల్ని కొలిమిలో నిలబెట్టి సన్నని సెగ పెడతారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1,085 కావాలి. అంచేత సీసం బొట్లు బొట్లుగా కారిపోతూ వెండిని తనతో తీసుకుపోతుంది, రాగి చిల్లుల బిళ్లగా మిగులుతుంది. సెగ ఎక్కువైతే బిళ్ల మెత్తబడి కూలి, అంతా మళ్లీ కలిసిపోతుంది. సీసం తగ్గితే వెండి రాగిలోనే ఉండిపోతుంది. సీసం క్రాకోవ్ వైపు నుంచి రావాలి, తుర్జో ఊరు అదే. ఈ పొత్తు ఎందుకు కుదిరిందో ఇప్పుడు అర్థమవుతుంది.

లాభాలు దొరలవి, గనిలోకి దిగేది కూలీలు. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన హంగేరీ రాజు నాణేల్లో వెండి తగ్గించేసరికి చేతికొచ్చే జీతం అంతే ఉన్నా సంతలో దాని విలువ పడిపోయింది. 1525లో కార్మికులు తిరగబడ్డారు. 1526లో ఆ తిరుగుబాటును అణిచేసి నాయకుల్ని చంపేశారు. ఫుగ్గర్లు 1546 దాకా ఉండి వెళ్లిపోయారు.

ఆ రాగి ఎక్కడికి పోయింది? కొంత మన వైపే బయల్దేరింది. 2008లో ఆఫ్రికాలోని నమీబియా తీరంలో, వజ్రాల తవ్వకంలో ఒక పాత పోర్చుగీసు ఓడ బయటపడింది. 1533లో లిస్బన్ నుంచి భారతదేశానికి బయల్దేరి మునిగిపోయిన బోమ్ జీసస్ అనే ఓడ ఇదేనని నిపుణుల భావన. అందులో 1,800కు పైగా రాగి ముద్దలు, మొత్తం పదహారు పదిహేడు టన్నులు. వాటి మీద ఫుగ్గర్ల త్రిశూలం ముద్ర. లోహాన్ని పరీక్షిస్తే అది స్లొవాకియా కొండల రాగి అని తేలింది. ఫలానా ముద్ద ఈ ఊరి గనిదే అని వేలు పెట్టి చూపలేం గాని, వచ్చింది ఈ ప్రాంతం నుంచే. మలబారు మిరియాలు కొనడానికి పోర్చుగీసు వాళ్లు తెచ్చే సరుకుల్లో రాగి ముఖ్యం. ఇక్కడ బిందెలకీ, నాణేలకీ దానికి గిరాకీ.

ఇక నీళ్ల సంగతి. ఈ ఊరికి పైన నీళ్ల కరువు, కింద నీళ్ల వరద. గని లోతుకు పోయేకొద్దీ ఊట పెరుగుతుంది, దాన్ని తోడి పోయాలి. తోడే యంత్రాలు, ఖనిజం పైకి లాగే చక్రాలు, రాయి దంచే రోకళ్లు అన్నీ నీటి చక్రంతోనే తిరగాలి. ఊళ్లోని వాగులు అందుకు చాలవు. అందుకని దిగువ తాత్రా పర్వతాల్లో ప్రాషివా శిఖరం కింది నుంచి 35 కిలోమీటర్లకు పైగా కాలువ తెచ్చారు. కొండ నడుము వెంట సన్నని వాలుతో తవ్విన కాలువ, లోయ అడ్డం వచ్చిన చోట కర్రల మీద నిలబెట్టిన చెక్క దోనె. దాని ఆనవాళ్లు అడవిలో ఈనాటికీ ఉన్నాయి.

కింది నీళ్లే అసలు వింత. తవ్వి వదిలేసిన సొరంగాల్లో గంధకంతో కలిసిన రాగి ఖనిజం మిగిలి ఉంటుంది. గాలి, నీరు తగిలితే అది కొద్దికొద్దిగా మైలుతుత్తంగా మారి ఊటలో కరుగుతుంది. ఆ నీళ్లను దోనెల్లోకి మళ్లించి పాత ఇనుప ముక్కలు పరిచేవాళ్లు. ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, దాని చోట రాగి దిగుతుంది. 1669లో ఇక్కడి గనిలోకి దిగి చూసిన ఇంగ్లీషు వైద్యుడు ఎడ్వర్డ్ బ్రౌన్, ఇనుమును మామూలుగా పద్నాలుగు రోజులు ఉంచుతారని రాశాడు.

లెక్క ప్రకారం కిలో రాగికి 880 గ్రాముల ఇనుము చాలు. చేతల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది, ఎందుకంటే పులుపెక్కిన గని నీరు రాగితో సంబంధం లేకుండానే ఇనుమును తినేస్తుంది. ఇనుము మీద రాగి మందంగా పేరుకుంటే లోపలికి నీరు అందక పని నిలిచిపోతుంది, అందుకని మధ్యమధ్య గీకి రాల్చాలి. ప్రవాహం జోరైతే రాగి దిగకుండానే కొట్టుకుపోతుంది. మరీ మందగిస్తే తుప్పు మడ్డి చేరుతుంది. చివరికి దోనె అడుగున మిగిలేది ఎర్రమట్టి లాంటి బురద. దాన్ని కడిగి, ఆరబెట్టి, కరిగిస్తేనే రాగి ముద్ద. ఒక్కోసారి ఇనుప ముక్క ఆకారం చెడకుండా రాగి అయిపోయేది గాని, అది గుల్లగా, చేత్తో నలిపితే పొడయ్యేలా ఉండేది.

చూసిన వాళ్లకు ఇది మాయే. ఇనుము రాగి కాగా లేనిది, రాగి బంగారం ఎందుకు కాకూడదని రసవాదులు ఆశపడటంలో ఆశ్చర్యం లేదు. ఆ రాగితో గిన్నెలు చేసి, బంగారు పూత వేసి, చిన్న చిన్న వెండి బొమ్మలు అతికి వేడుక వస్తువులుగా అమ్మేవాళ్లు. వాటి మీద జర్మన్‌లో ఒక చాటువు చెక్కి ఉంటుంది: ‘ఇనుమునై ఉంటిని, రాగినైతిని, వెండిని మోసితిని, బంగారము నన్ను కప్పెను.’ పొడుపు కథలా ఉన్నా, తయారీ వరస మొత్తం అందులోనే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి గని పని ముగిసింది. ఇళ్లు నిలబెట్టింది ఆడవాళ్ల చేతిలోని లేసు. గని ఊళ్లలో ఇది ఎప్పటినుంచో ఉన్న పని, జీతం చాలనప్పుడు ఆసరా. లేసు అనగానే మనకు నరసాపురం మెదులుతుంది. అది ఒక కొక్కెం, ఒక దారంతో అల్లేది. ఇక్కడిది కండెల లేసు. బిగుతుగా కూరిన గుండ్రటి దిండు, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట నమూనా. దారం చుట్టిన చెక్క కండెలు జతలు జతలుగా వేలాడుతుంటాయి, పెద్ద నమూనాకు డజన్ల కొద్దీ కావాలి. కదలికలు మాత్రం రెండే. నాలుగు కండెలు తీసుకుంటే, ఎడమ నుంచి రెండోదాన్ని మూడోదాని మీదుగా దాటించడం ఒకటి. తర్వాత రెండోదాన్ని ఒకటోదాని మీదికి, నాలుగోదాన్ని మూడోదాని మీదికి మెలి వేయడం రెండోది. నమూనాలో చిల్లు వచ్చిన చోట గుండుసూది గుచ్చి, దారం లాగి బిగించి ముందుకు పోవాలి.

బిగింపు అంతటా ఒకేలా లేకపోతే సూదులు తీసిన మరుక్షణం లేసు ముడుచుకుపోతుంది. తొందరపడి సూదులు ముందే తీస్తే అల్లిక జారుతుంది. అన్నిటికంటే చికాకు, కండె ఒకటి పొరపాటున పక్క జతలోకి పోవడం. అది అప్పుడే తెలియదు. నాలుగైదు వరసలయ్యాక నమూనాలోని ఆకు అంచు వంకరగా కనబడినప్పుడు తెలుస్తుంది. అప్పుడు చేసేదేముంది, వచ్చిన దారినే వెనక్కి, మెలి విప్పుతూ, దాటించింది వెనక్కి దాటిస్తూ, ఒక్కో సూదీ పీకుతూ, తప్పు దొరికే దాకా.

సెలవు. నమస్కారం.