ఈ డ్రమ్ వైకింగ్‌లది కాదు, మరి పాట?

నా చేతిలో ఉన్న ఈ డ్రమ్ చూశారా. మన డప్పులాగే ఉంది కదా, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పుల్లతో కొట్టేదే. పోయిన సంక్రాంతి సేల్‌లో ఆన్‌లైన్‌లో కొన్నాను, నాలుగు వేల చిల్లర, పెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో 'అసలు సిసలు వైకింగ్ యుద్ధ డ్రమ్' అని ఉంది. మేక తోలు అన్నారు. డప్పును మంట దగ్గర కాచినట్టు దీన్నీ కాద్దామనుకున్నాను, ఎందుకో అనుమానం వచ్చి ఆగాను గానీ కాచి ఉంటే కరిగిపోయేది. ప్లాస్టిక్ అది.

సరే, ప్లాస్టిక్ సంగతి వదిలేయండి. దీని అంచు చుట్టూ రూన్ అక్షరాలు, అంటే ఉత్తర యూరప్ వాళ్ల పాత లిపి, ఉన్నాయి, ఒకటి రెండు అని లెక్కపెడితే 24. వైకింగ్‌లంటే పడవల్లో దాడులకీ వ్యాపారానికీ తిరిగిన స్కాండినేవియా వాళ్లు, అంటే నార్వే, స్వీడన్, డెన్మార్క్ వైపు జనం. వైకింగ్ కాలం అని మనం అంటున్నది సుమారుగా 793 నుంచి 1066 వరకు, అంటే ఇంగ్లండ్‌లో లిండిస్ఫార్న్ మఠం మీద దాడి దగ్గర మొదలుపెట్టి. ఆ కాలంలో స్కాండినేవియాలో వాడిన రూన్ వరుసలో ఉన్నవి 16 అక్షరాలే. ఈ 24 అక్షరాల వరుస అంతకు ముందుది, వైకింగ్‌లు పడవలెక్కే నాటికే వాడుక తప్పింది. ఇక మధ్యలో దిక్సూచిలాంటి ఈ బొమ్మ, ఎనిమిది కొమ్మలతో, సగం మంది జిమ్ కుర్రాళ్ల చేతుల మీద టాటూగా కనపడుతుంది చూడండి, దీని పేరు వెగ్వీసిర్. ఇది కనపడేది 1860లో ఐస్‌లాండ్‌లో రాసిన ఒక చేతిరాత పుస్తకంలో. 1860! వైకింగ్ కాలం ముగిసి దాదాపు ఎనిమిది వందల ఏళ్లు. అంటే వాళ్లకు ముందరి అక్షరాలు, వాళ్ల తర్వాతి బొమ్మ, ఈ రెండింటినీ మోస్తున్న డ్రమ్.

ఆ డ్రమ్ సంగతే అసలు తమాషా. వైకింగ్ కాలపు తవ్వకాల్లో ఇది డ్రమ్మే అని ఖాయంగా చెప్పదగ్గ వస్తువు ఒక్కటీ బయటపడలేదు.

లేవని కాదు నేనంటున్నది. తోలు కుళ్లిపోతుంది, పల్చటి చెక్క కుళ్లిపోతుంది, కాబట్టి ఉండి మాయమైపోయి ఉండొచ్చు. పక్కనే, ఉత్తరాన ఉన్న సామి అనే తెగకి డ్రమ్ ఉంది, 12వ శతాబ్దం నాటి ఒక నార్వే లాటిన్ చరిత్రలో వాళ్ల మంత్రగాడు దాంతో ఏం చేశాడో కూడా రాశారు. వైకింగ్‌ల దేవుడు ఓడిన్‌ని 'లోకి' అనే ఇంకో దేవుడు తిట్టే ఒక పాత పద్యంలో, నువ్వు సాంసే దీవిలో మంత్రగత్తెల్లాగా 'వేత్' మీద కొట్టావంటగా అని ఎత్తిపొడుస్తాడు. ఆ వేత్ అంటే డ్రమ్ అని కొందరి అనువాదం. కాదు, పెట్టె మూత అని ఇంకొందరు. ఇంత పెద్ద యుద్ధ డ్రమ్ మార్కెట్‌కి దక్కిన సాక్ష్యంలో ఒకటి ఇదీ, మూతో డ్రమ్మో తేలని ఒక్క మాట.

ఇప్పుడు మ్యూజిక్‌కి వద్దాం. వైకింగ్ మ్యూజిక్ అనగానే మీ చెవుల్లో ఏది మోగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే మోగుతుంది: గొంతు లోపలి నుంచి గుర్రుమనే శబ్దం, వెనకాల ఢమ్ ఢమ్, ఎవరో గుర్రపు వెంట్రుకల తీగల మీద కమాను పెట్టి గీరుతున్నట్టు ఒక మూలుగు, పైన లోయలో పాడినట్టు బోలెడంత ఎకో. నార్వేలో 2003లో మొదలైన వార్డ్రూనా, ఆ తర్వాత పదేళ్లకు పైగా గడిచాక వచ్చిన హైలుంగ్, ఇంకా వీళ్ల దారిలో పుట్టిన వందల బ్యాండ్లు. నేను వీళ్లకి ఫ్యాన్‌ని, ముందే చెప్పేస్తున్నాను, రాత్రి ఎడిటింగ్ చేసేటప్పుడు ఇవే పెట్టుకుంటాను. హైలుంగ్ వాళ్లు తమది 'ఆంప్లిఫైడ్ హిస్టరీ' అంటారు, అంటే చరిత్రకి సౌండ్ పెంచి వినిపిస్తున్నాం అని. అది నిజాయితీగల మాటే. అబద్ధం చెప్పేది బ్యాండ్లు కాదు, వాళ్ల వెనక పుట్టుకొచ్చిన దుకాణాలు, 'వెయ్యేళ్ల నాటి ఒరిజినల్ వైకింగ్ వార్ సాంగ్' అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లు. అవును, నేనూ ఒకసారి పెట్టాను. తీసేశాను.

ఆ మూలిగే వాయిద్యం పేరు టాగెల్‌హార్పా. టాగెల్ అంటే గుర్రపు వెంట్రుక. ఎస్టోనియాలో, ఫిన్లాండ్‌లో దీని చుట్టాలు నిజంగా ఉన్నాయి, పల్లెల్లో వాయించిన వాయిద్యాలే. కానీ కమానుతో వాయించడమనేది యూరప్‌కి చేరిందే సుమారు 1000 ప్రాంతంలో, ఆసియా వైపు నుంచి. స్కాండినేవియాలో కమానుతో లైర్ అనే తీగ వాయిద్యం వాయిస్తున్న బొమ్మ కావాలంటే నార్వేలో ట్రాండ్‌హైమ్‌లోని నిదరోస్ చర్చిలో రాతి మీద చెక్కింది చూపిస్తారు, అది 14వ శతాబ్దానిది. కృష్ణదేవరాయల సభలో హార్మోనియం పెట్టినంత ఘోరం కాదు గానీ, ఆ దారిలోనే ఉంది. మీటలు నొక్కుతూ కమానుతో వాయించే నికెల్‌హార్పాకి కూడా మొదటి సాక్ష్యం 1350 ప్రాంతంలో స్వీడన్ దీవి గోట్‌లాండ్‌లో ఒక చర్చి గేటు మీది బొమ్మే.

మరి బూర? పెద్దగా వంకర తిరిగిన కంచు బూరలు, లుర్ అంటారు, వీడియోల్లో కనపడితే వైకింగ్ అనేస్తారు. 1797లో డెన్మార్క్‌లో ఒక రైతు పొలంలో ఆరు దొరికాయి. అవి వైకింగ్‌ల కంటే పదిహేను వందల ఏళ్లకు పైగా పాతవి, కంచు యుగానివి. డెన్మార్క్ వెన్న లుర్పాక్ పేరు కూడా అక్కడిదే, డబ్బా మీద ఆ బూరలే ఉంటాయి. వైకింగ్‌ల దగ్గర ఉన్నది చెక్క బూర: నార్వేలో 834లో పాతిపెట్టిన ఓసెబెర్గ్ ఓడను 1904లో తవ్వితే, మీటరు పైచిలుకు పొడవున్న ఒకటి బయటపడింది. కొమ్ముల హెల్మెట్ కథ కూడా ఇలాంటిదే, 1876లో ఒక జర్మన్ ఒపెరా కోసం కుట్టిన డ్రెస్సుల్లోంచి వచ్చి అందరి తలల మీద కూర్చుంది.

నిజంగా దొరికిన వాటిల్లో నాకు బాగా నచ్చింది చెప్తాను. ఇంగ్లండ్‌లో యార్క్ ఊరు, అప్పట్లో వైకింగ్‌ల యోర్విక్. 1970లలో కాపర్‌గేట్ వీధిలో తవ్వారు. అక్కడి మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, గాలి ఆడదు, అందుకే మిగతా చోట్ల కుళ్లిపోయే చెక్క అక్కడ బతికింది. దొరికింది అరచేతిలో ఇమిడే చిన్న చెక్క పలక. బాక్స్‌వుడ్, గట్టి చెక్క. దాని పై అంచు నుంచి కిందికి వరసగా రంధ్రాలు తొలిచారు, ఒక్కోటీ ఒక్కో లోతు. లోతు ఎక్కువైతే స్వరం కింద, తక్కువైతే పైన, అంతే టెక్నాలజీ. ఒక పక్క విరిగింది కాబట్టి అసలు ఎన్ని రంధ్రాలుండేవో గానీ, చెక్కుచెదరకుండా ఐదు మిగిలాయి. పదో శతాబ్దపు వస్తువు. ఊదితే ఇప్పటికీ పలుకుతుంది. యుద్ధం లేదు, దేవుడు లేడు, ఎవరో తోలు పని చేసుకునేవాడో వాడి కొడుకో సాయంత్రం గుమ్మంలో కూర్చుని కీచుకీచుమని ఊదుకున్న ఐదు స్వరాలు. దీని మీద ఎవ్వరూ ఎపిక్ ట్రైలర్ చేయరు.

ఎముక పిల్లనగ్రోవులు కూడా చాలా దొరికాయి, గొర్రె ఎముక, పశువుల ఎముక, పెద్ద పక్షి ఎముక. ఎముక అంత తొందరగా కుళ్లదు కాబట్టి దొరికాయి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది: మనకి దొరికేవి వాళ్లు ఎక్కువగా వాయించినవి కాదు, మట్టి తినలేనివి. ఇందాకటి లైర్‌నే చూడండి. తంబురలో తీగల్ని ఎత్తి పట్టే చిన్న ముక్క ఉంటుంది కదా, అలాంటి ముక్క ఒకటి గోట్‌లాండ్‌లో ఒక సమాధిలో దొరికింది, సాంబ్రాణిలాగా మెరిసే ఆంబర్‌తో, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురుతో చేసింది. వాయిద్యం మొత్తం మట్టైపోయింది, ఆ ముక్క మిగిలింది. దాన్నుంచి వాయిద్యాన్ని ఊహించాలి. ఊహ తప్పొచ్చు కూడా: ఇంగ్లండ్‌లో సటన్ హూ సమాధిలో 1939లో దొరికిన చెక్క ముక్కల్ని మొదట హార్ప్‌గా అతికించి మ్యూజియంలో పెట్టారు, దొరికిన ముప్పై ఏళ్లకు కాదు కాదు ఇది లైర్ అని మళ్లీ చేశారు. ఆ పైన జర్మనీలో ట్రోసింగెన్‌లో ఆరో శతాబ్దపు లైర్ దాదాపు మొత్తంగా, బిరడాలతో సహా, ఆరు తీగలది, 2001–02 చలికాలంలో దొరికింది. తీగలు మాత్రం లేవు. శ్రుతి ఎలా చేసేవారో రాసి పెట్టినవాడూ లేడు.

వీళ్ల పాట గురించి ఎవరైనా రాశారా అంటే, మూడు చోట్లు చెప్తాను. 965 ప్రాంతంలో వైకింగ్‌ల హెడెబీ రేవుకి వచ్చిన అల్ తర్తూషీ అనే యాత్రికుడు, వీళ్ల పాట కంటే దరిద్రమైనది నేను వినలేదు, గొంతులోంచి కుక్క అరుపులాగా, ఇంకా ఘోరంగా వస్తుంది అన్నాడు. గుర్రుమనే పాటకి అందరూ చూపించే సాక్ష్యం ఇదొక్కటే. ఇప్పటి బ్యాండ్లు పాడే పద్ధతి మాత్రం రష్యాలోని తువా, మంగోలియా వాళ్ల గొంతు పాటకి దగ్గర. పరాయి ఊరి పాట నచ్చనివాడు తిట్టిన తిట్టు పట్టుకుని రాగం కట్టేస్తామా? మా తాతయ్య రాక్ మ్యూజిక్‌ని ఏమనేవాడో చెప్తే ఛానెల్ ఎగిరిపోతుంది. రెండోవాడు 1070లలో బ్రెమెన్‌లో ఉన్న ఆడమ్ అనే మతగురువు, స్వీడన్‌లోని ఉప్సలాలో బలులప్పుడు పాడే పాటల గురించి రాస్తూ, అవి నానా రకాలు, అసభ్యం, కాబట్టి చెప్పకపోవడమే మేలు అని ఆపేశాడు. నాయనా, అదొక్కటి చెప్పి పోవాల్సింది. మూడోది ఎరిక్ ది రెడ్ సాగా అనే పాత ఐస్‌లాండ్ కథ, అది రాసిందే 13వ శతాబ్దంలో: గ్రీన్‌లాండ్‌లో సోదె చెప్పే ఆవిడ చుట్టూ ఆడవాళ్లు నిలబడితే, గుడ్రిడ్ అనే అమ్మాయి మంత్రగీతం పాడింది, ఇంత అందమైన గొంతు ఎవరూ వినలేదు అంటుంది ఆ కథ. ఈ అమ్మాయి పాటని ఎవ్వరూ వార్ సాంగ్ ప్లేలిస్ట్‌లో పెట్టరు.

స్వరాలు రాసి ఉన్న నార్డిక్ పాటల్లో మతానికి సంబంధం లేని అతి పాతది 1300 ప్రాంతంలో, రూన్ అక్షరాల్లో రాసిన ఒక చట్టాల పుస్తకం చివరి పేజీలో ఉంది, రెండే పాదాలు. వైకింగ్ కాలం నుంచి ఒక్క రాగమూ రాలేదు.

కానీ పద్యం వచ్చింది. ఇదే నేను ఇవాళ చెప్పాలనుకున్నది. 1270 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో రాసుకున్న ప్రతిలో ఈ పాదాలున్నాయి, వినండి: డేయ్‌ర్ ఫే, డేయ ఫ్రేండర్, డేయ్‌ర్ స్యాల్వర్ ఇత్ సామ. పశువులు పోతాయి, చుట్టాలు పోతారు, నువ్వూ పోతావు. 'ఫే'కి 'ఫ్రేండర్' మొదటి అక్షరం కలిసింది, మూడో పాదంలో 'స్యాల్వర్'కి 'సామ'. మీరు స్కూల్లో పద్యాలు చదివినవాళ్లైతే ఈపాటికి పట్టేసుంటారు: ఇది యతి! సరిగ్గా మన నియమం కాదు, కానీ పని అదే, ఫలానా చోట అక్షరం కలవాలి. తర్వాతి మాట ఇంకా బాగుంటుంది: ఎన్ ఒర్ద్‌స్తీర్ డేయ్‌ర్ అల్ద్రెగి, మంచి పేరు మాత్రం చావదు. ఇక్కడ 'ఒ'కి 'అ' కలిపాడు. మన ఛందస్సులో అకీ ఒకీ యతి చెల్లదు, మాస్టారు సున్నా వేస్తారు. వాళ్లకి మాత్రం అచ్చులన్నీ ఒకే ఇల్లు. రాజుల కొలువుల్లో కవులు కట్టిన పద్యాల్లో ఇంకోటి కూడా ఉంది, అచ్చు మారినా వెనకాల హల్లు కలవాలని. మనకి ప్రాస రెండో అక్షరంలో, నాలుగు పాదాలకీ. వాళ్లకి ఒకే పాదం లోపల. అంత బిగువుగా అల్లారు కాబట్టే రాత లేని రోజుల్లో కూడా మాట జారిపోకుండా నిలబడింది, ఒక అక్షరం మార్చితే విన్నవాడికి తెలిసిపోతుంది.

అందుకే ఏ బ్యాండ్ అయినా అసలుదా కాదా అని ఎవరైనా అడిగితే నేను డ్రమ్ వైపు చూడను. ఆ పాత మాటల్ని వాటి నడకలో పాడుతున్నారా, లేక బీట్ కోసం అక్షరాల మెడలు విరుస్తున్నారా అని వింటాను. వార్డ్రూనా పెట్టిన ఐనార్ సెల్విక్ ఒక్కడే లైర్ పట్టుకుని పాడినవి దొరికితే వినండి, డ్రమ్ లేకుండా. పెద్ద స్టేజీ మీది పాటల కంటే నాకవే ఎక్కువ పాతవిగా వినిపిస్తాయి, వాయిద్యం కొత్తదే అయినా.

నా దగ్గర లైర్ లేదు, ఫోన్‌లో తంబుర యాప్ ఉంది. శ్రుతి పెట్టి ఆ పద్యం ఒకసారి మొత్తం చదువుతాను, రాగం నాది, తప్పులూ నావే. ఈ డ్రమ్ మా అక్క కొడుకు వినాయక నిమజ్జనానికి కావాలన్నాడు, వాడికి ఇచ్చేస్తున్నాను.