తోడికోడలు నవ్వుతుందని

(గ్రామ మహిళా సమాఖ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకీ చెల్లెళ్ళకీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నలకి కూడా. మీరూ కూర్చోండి, మిమ్మల్ని తిట్టడానికి రాలేదు.

మనకో సామెత ఉంది కదా, ‘మొగుడు కొట్టినందుకు కాదుగానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట’ అని. చిన్నప్పుడు అది విని నేనూ నవ్వాను. ఆ సామెతలో మొగుడి దెబ్బకి ఎవరూ ఆశ్చర్యపోరు, గమనించారా? వాన పడ్డట్టు, ఎండ కాసినట్టు అదో మామూలు సంగతి. అయితే సామెత కట్టినవాళ్ళకి ఒక నిజం మాత్రం బాగా తెలుసు. దెబ్బ నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఎవరో చూశారన్న సిగ్గు తగ్గదు.

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఎదురు మాట్లాడడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలకి మర్యాద ఇవ్వకపోవడం, ఇలాంటి కారణాలు చదివి, వీటికి భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. ఏదో ఒక కారణానికి కొట్టొచ్చు అన్న ఆడవాళ్ళు తెలంగాణలో నూటికి 84 మంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. భర్త చేతిలో హింస పడ్డామని చెప్పినవాళ్ళు తెలంగాణలో నూటికి 37, ఆంధ్రప్రదేశ్‌లో 30. దేశం మొత్తం మీద అలా దెబ్బలు తిన్నవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగింది నూటికి 14 మందే.

మన మాటలు కూడా ఈ సిగ్గుని కప్పడానికే పుట్టినట్టుంటాయి. కొట్టాడు అనం, ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటాం. ‘కోపం ఎక్కువగానీ మనసు మంచిది’ అంటాం. మరి ఆ కోపం మేస్త్రీ మీదా, షాపు ఓనరు మీదా ఎందుకు రాదు? ఇంటికొచ్చి గడియ వేశాకే ఎందుకొస్తుంది?

కాపురంలో గొడవలు లేని ఇల్లుండదు, నా ఇంట్లోనూ ఉన్నాయి. గొడవేదో హింసేదో తెలియాలంటే నేను ఒకటే అడుగుతాను. సాయంత్రం ఆయన బండి చప్పుడు వినపడగానే ఇంట్లో ఏం జరుగుతుంది? టీవీ ఆగిపోయి, పిల్లలు లోపలి గదిలోకి పోయి, మీరు కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుంటే, ఆ ఇంట్లో ఇంకా ఎవరూ ఎవరినీ కొట్టకపోయినా భయం కాపురం చేస్తోందని అర్థం.

2005లో వచ్చిన గృహహింస చట్టం దెబ్బల దగ్గరే ఆగలేదు. బూతులు, అవమానాలు, పిల్లలు పుట్టలేదని దెప్పడం, ఇష్టం లేకపోయినా పక్క మీద బలవంతం చేయడం, అన్నీ హింస కిందకే వస్తాయి. డబ్బు విషయంలో చేసేది కూడా. సంఘంలో ఉన్నవాళ్ళకి దీని గురించి విడిగా చెప్పాలి. లోన్ మీ పేరున వస్తుంది, డబ్బు ఆయన చేతికి పోతుంది, నెల తిరిగేసరికి కిస్తీ మీ మెడకి చుట్టుకుంటుంది. ఏటీఎం కార్డు ఆయన జేబులో, ఫోన్‌పే పిన్ ఆయన దగ్గర. కూలికెళ్ళి సంపాదించుకొచ్చి కూరగాయలకి చెయ్యి చాచాలి. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం అడగకుండా తాకట్టు పెట్టడం కూడా చట్టం దృష్టిలో హింసే. ‘ఇది కూడానా?’ అని ఎవరో అన్నారు. అవునమ్మా, ఇది కూడా.

ఈ చట్టం పెళ్ళాలకే కాదు. కొడుకు కొట్టే తల్లీ, అన్న వెళ్ళగొట్టిన చెల్లెలూ దీని కింద కోర్టుకి వెళ్ళొచ్చు. అత్త మీదా ఆడబిడ్డ మీదా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట మేం అద్దెకున్న ఇంటికి గోడ అవతల ఒక జంట ఉండేది. రాత్రి తొమ్మిది దాటాక గిన్నె పడ్డ చప్పుడు, తర్వాత ఏమీ వినపడేది కాదు. నేను టీవీ సౌండ్ పెంచేదాన్ని. ఆమె పరువు కాపాడుతున్నాననే అనుకున్నాను. పొద్దున కుళాయి దగ్గర ‘బాత్రూమ్‌లో జారిపడ్డానక్కా’ అంది. ‘జాగ్రత్తమ్మా’ అన్నాను. జారిపడితే మోచెయ్యి దోక్కుపోతుంది, మెడ మీద వేళ్ళ గుర్తులు పడవు. అది నాకు తెలుసు. తెలిసే జాగ్రత్త అన్నాను. రెండు నెలలకి వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. గొంతు పట్టుకోవడం ప్రాణాల మీదికి తెచ్చే విషయమని, పైకి గుర్తులు లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని నేను తర్వాతెప్పుడో నేర్చుకున్నాను.

అందుకే చెబుతున్నాను. అలాంటి మనిషి కనిపిస్తే ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించండి. ‘ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావ్’ అనొద్దు. ‘నువ్వు చెప్పేది నమ్ముతున్నా, ఏం చేద్దామనుకుంటున్నావ్’ అనండి. ఆవేశపడి ఆయన దగ్గరికెళ్ళి నిలదీయొద్దు. మనం వచ్చేశాక ఆ కోపం తీరేది ఆమె మీదే. పెద్దమనుషుల పంచాయితీలో పెట్టేముందు కూడా ఆలోచించండి. అక్కడ ‘ఇంకెప్పుడూ కొట్టను’ అని కాగితం రాయించి, మళ్ళీ ఆ ఇంటికే పంపిన కథలు మీకు నాకంటే ఎక్కువ తెలుసు.

మహిళల హెల్ప్‌లైన్ 181కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. ప్రాణభయం ఉంటే 112. జిల్లాలో సఖి కేంద్రం ఉంటుంది. వైద్యం, పోలీసు, న్యాయ సలహా అక్కడే చూస్తారు, ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణాధికారి ఉంటారు. హింస పడుతున్న మనిషి తరఫున పొరుగువాళ్ళు కూడా ఆ అధికారికి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టడానికి లేదు. లాయరు ఖర్చుకి భయపడొద్దు. 15100కి చేసి అడగండి, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకి లాయరుని ఉచితంగా ఇస్తారు.

నన్ను ఎక్కువమంది అడిగేది, ‘మా ఆయన్ని జైల్లో వేస్తారా మేడమ్’ అని. ఈ చట్టం కింద వెళ్ళగానే జైలు ఉండదు. కొట్టొద్దనీ, ఇంట్లోంచి వెళ్ళగొట్టొద్దనీ, ఖర్చులకి డబ్బు ఇవ్వాలనీ మెజిస్ట్రేటు ఆదేశిస్తారు. ఇల్లు ఆమె పేరున లేకపోయినా సరే, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. రక్షణ ఆదేశం మీరితే అప్పుడది నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. కోర్టు మెట్లెక్కినవాళ్ళు నవ్వుతున్నారు, నిజమే, చాలాసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకే కేసు తేలేలోపే ఇచ్చే మధ్యంతర ఆదేశం కావాలని మొదటిరోజే అడగాలి.

వెళ్ళిపోవాలనుకునేవాళ్ళు ఆ మాట కోపంలో ఆయనతో అనొద్దు. ఎక్కువ ప్రమాదం అప్పుడే. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు ముందే నమ్మకమైన వాళ్ళింట్లో పెట్టండి. ఆయన ఫోన్ చూసే అలవాటుంటే 181కి చేసిన కాల్ చెరిపేయండి. డాక్టరు అడిగితే మాత్రం జారిపడ్డానని చెప్పొద్దు, ఆ చీటీయే రేపు సాక్ష్యం.

టీ వచ్చినట్టుంది. నేను బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. ఎవరైనా రావొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. నలుగురూ చూస్తారని మొహమాటంగా ఉంటే, పెన్షన్ గురించి అడగడానికి వెళ్ళామని చెప్పండి. పెన్షన్ ఫారాలు కూడా తెచ్చాను.