మైకు మీద కొట్టకుండ్రి

వేదిక మీదున్న పెద్దలకు, నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి వచ్చిన టెంటుహౌసు, మైకుసెట్టు అన్నదమ్ములకు నమస్తే. పేరుపేరున చెప్పాల్నంటే పొద్దుగూకుతది, మన్నించుండ్రి.

నన్ను కరెంటు తీగెల జాగ్రత్తల మీద మాట్లాడుమన్నరు. కానీ నాకంటె ముందు మాట్లాడిన పెద్దమనిషి మైకు అందుకోంగనే అరచేత్తో టపటప కొట్టిండు. ఇగ ఆ ముచ్చటే ముందు చెప్పాలె.

మనోళ్లు మైకును పరీక్షించే తీరు చూస్తె నవ్వాగదు. ఒకాయన పొయ్యి ఊదినట్టు ఉఫ్ ఉఫ్ అంటడు. ఒకాయన గోటితోని గీకుతడు. ఇంకొకాయన ‘హలో హలో’ అని, అవతల ఎవరో పలకాలన్నట్టు ఆగుతడు. పెండ్లిల మేనమామ అయితే టెస్టింగు పేరుమీదనే పాట అందుకుంటడు. ఎనకున్నోళ్లకు ఇనవడుతుందా అని అడుగుతరు, ఇనవడనోడు ఎట్ల చెప్తడు?

నవ్వుకుందం, కానీ నష్టం మనది. మైకుల పలుచటి పొర, దానికి అతికిన సన్నటి తీగెచుట్ట, పక్కన అయస్కాంతం ఉంటయి. మాటకు పొర కదిలితె కరెంటు పుడుతది. కొట్టిన దెబ్బ ఆంప్లిఫయర్ల పెద్దగై హారన్ల చప్పుడు చేసే యూనిట్‌ను తాకుతది. యూనిట్ పోతె కిరాయి ఇచ్చేటాయన కట్టిస్తడా? ఊదితె తుంపర్లు జాలీలకు పోతయి. ఇగ జాలీ చుట్టు పిడికిలి బిగించి, సౌండ్ బాక్సు ముంగట నిలవడితె కూ అని అరుస్తది. బాక్సులకెల్లి వచ్చిన చప్పుడే మల్ల మైకులకు పోతది గదా! అప్పుడందరు మన దిక్కు జూసి ‘ఏ మైకూ!’ అంటరు. మనకు పేర్లు లేవా?

కురుమూర్తి జాతరల ఒక తల్లి, పిలగాడు తప్పిపోయిండని ఏడ్సుకుంట మా కాడికొచ్చింది. మైకు చేతికిచ్చిన. కొట్టలే, ఊదలే. ‘బిడ్డా, యాడున్నవురా, నేన్ మైకు కాడున్న’ అన్నది. ఆ గొంతు గుట్ట మీదికి పోయింది, పిలగాడు దొరికిండు. ఇన్నేండ్లల్ల అంత మంచి టెస్టింగు నేను ఇనలే.

కాబట్టి అయ్యా, మీ మామూలు గొంతుతోని ‘సూర్యాపేట’ అనుండ్రి, సాలు. ‘స’ల ఈల, ‘ప’ల గాలిదెబ్బ రెండూ మాకు తెలిసిపోతయి, సరిచేసుకుంటం.

ఇంకో బాధ. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడుస్పీకర్లు పెట్టొద్దని 2000ల వచ్చిన కేంద్ర నిబంధనలల్ల ఉన్నది. ఉపన్యాసం ఆపనిది వక్త, తిట్లు తినేది మనం. అది మల్లొకసారి మాట్లాడుకుందం, టైమైంది.

సభ పెట్టేటోళ్లను ఒకటే అడుగుత. అరగంట ముందు మా పిలగాండ్లను వేదిక ఎక్కనియ్యుండ్రి. అతిథుల పేర్లతోపాటు సెట్టు పెట్టినాయన పేరు గూడ చదువుండ్రి. ఇయ్యాల్టి నుంచే మొదలువెడుదం. తమ్మీ, ఆ ఆంప్లిఫయర్ కాడ కూసున్నోడా, ఇటు రా. మైకు పట్టు, నీ పేరు, నీ ఊరు చెప్పు.